పెసర మొక్కకి బెంచ్‌మార్క్ టెస్ట్: పిల్లలకి గ్రాఫ్ నేర్పాలంటే పాత ఫోన్, స్కేలు చాలు

ఫోన్ లాంచ్ ఈవెంట్లు ఫాలో అయ్యేవాళ్లందరికీ ఆ స్లయిడ్ బాగా తెలుసు. పక్కపక్కనే రెండు బార్లు. కొత్త ఫోన్ బార్ ఆకాశంలో, పాత ఫోన్ బార్ పాతాళంలో. తీరా కింద నంబర్లు చూస్తే తేడా ఐదారు శాతమే. ఆ బార్లు సున్నా దగ్గర మొదలవ్వలేదు, అదీ కిటుకు. మనకి అలవాటే కాబట్టి నవ్వుకుని వదిలేస్తాం. అదే స్లయిడ్ ఆరో తరగతి పిల్లకి చూపిస్తే? పొడుగ్గా ఉన్న బార్‌నే నమ్ముతుంది. "నమ్మకు" అని చెప్పి లాభం లేదు. గ్రాఫ్ ఎలా పుడుతుందో తన చేత్తో ఒకసారి చేసి చూస్తేనే, ఎక్కడ నమ్మాలో ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

దీనికి కోడింగ్ క్లాసులు, రోబోటిక్స్ కిట్లు అక్కర్లేదు. ఆరు పేపర్ కప్పులు, గుప్పెడు పెసలు, ఒక స్కేలు, డ్రాయర్‌లో మూలుగుతున్న పాత ఫోన్ ఉంటే చాలు. ఈ వేసవి సెలవుల్లో మా అక్క పిల్లలిద్దరితో కూకట్‌పల్లిలో వాళ్ల ఫ్లాట్ బాల్కనీలో 12 రోజులు ఇదే చేయించాను. అమ్మాయి ఆరో తరగతి, చిన్నోడు మూడో తరగతి. ఎలా చేయించాలి, ఏ యాప్ వాడాలి, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అన్నవి స్టెప్ బై స్టెప్ చూద్దాం. మధ్యలో ఒక ట్విస్ట్ కూడా ఉంది: మా గ్రాఫ్‌లో గెలిచింది చీకట్లో పెట్టిన మొక్క!

కావాల్సినవి

పెసలు: వంటింటి డబ్బాలోవే. పొట్టుతో ఉన్న గుండు పెసలే కావాలి, పెసరపప్పు మొలవదు. రాత్రి నానబెడితే మర్నాటికల్లా మొలక తొంగి చూస్తుంది. మట్టిలో వేశాక మూడు నాలుగు రోజుల్లో పైకి వస్తుంది. మామిడి టెంక పాతి నెలల తరబడి ఎదురుచూడమంటే ఏ పిల్లా ఆగదు. పెసలైతే రోజూ ఏదో ఒక అప్‌డేట్ ఇస్తూనే ఉంటాయి.

ఆరు పేపర్ కప్పులు: అడుగున పెన్సిల్‌తో చిన్న కన్నం పెట్టాలి, నీళ్లు దిగడానికి. మూడు కప్పులు వెలుగులో, మూడు చీకట్లో.

ఒక అట్టపెట్టె: ఆన్‌లైన్ ఆర్డర్‌తో వచ్చినదే. ఇదే మన చీకటి గది.

30 సెంటీమీటర్ల స్కేలు, ఆరు ఐస్‌క్రీమ్ పుల్లలు.

ఫోన్: స్ప్రెడ్‌షీట్ యాప్ నడిస్తే ఏదైనా ఓకే. నేను వాడింది మూడేళ్లుగా పక్కన పడేసిన ఒక బడ్జెట్ ఆండ్రాయిడ్. సిమ్ లేదు, ఇంటి వైఫై మాత్రమే. ఒకందుకు అదే మంచిది. నోటిఫికేషన్లు రావు, రీల్స్ వైపు వేలు జారదు.

ఏ యాప్ వాడాలి?

గూగుల్ షీట్స్, మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, లిబ్రే ఆఫీస్ కాల్క్. ఈ మూడింట్లో ఏదైనా పని జరుగుతుంది. ల్యాప్‌టాప్ ఉండి, అకౌంట్ గొడవ వద్దనుకుంటే కాల్క్ బెస్ట్. పూర్తిగా ఉచితం, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఫోన్‌లో అయితే నా ఓటు షీట్స్‌కే. ఫైల్‌ని ఆఫ్‌లైన్‌లో ఉంచుకోవచ్చు. ఫోన్‌లో ఎంటర్ చేసింది ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది. ఊళ్లో ఉన్న అమ్మమ్మకి లింక్ పంపిస్తే ఆవిడా రోజూ చూడొచ్చు. లింక్ ఇచ్చేటప్పుడు ఎడిట్ పర్మిషన్ కాకుండా చూడటానికి మాత్రమే ఇవ్వండి.

అకౌంట్ విషయంలో ఒక మాట. చిన్న పిల్లల వయసు ఎక్కువ వేసి సొంత అకౌంట్ తెరవొద్దు. ఫ్యామిలీ లింక్‌తో పెద్దల పర్యవేక్షణలో తెరవాలి, లేదంటే అమ్మానాన్నల అకౌంట్‌లోనే ఒక ఫైల్ పెట్టాలి. మేం అక్క అకౌంట్ వాడాం.

షీట్ సెటప్: మూడు చిన్న రూల్స్

ఒక్కో రోజుకి ఒక్కో అడ్డ వరస. మొదటి కాలమ్ తేదీ, రెండోది ఎన్నో రోజు, తర్వాత ఆరు కప్పులకి ఆరు కాలమ్‌లు, చివర్లో "గమనిక". వెలుగు కప్పులకి వె1, వె2, వె3. చీకటి కప్పులకి చీ1, చీ2, చీ3. కప్పుల మీద కూడా మార్కర్‌తో అవే పేర్లు. షీట్‌లో ఒక పేరు, కప్పు మీద ఇంకో పేరు ఉంటే నాలుగో రోజుకే గందరగోళం.

మొదటి రూల్: సెల్‌లో నంబర్ మాత్రమే. "5 సెం.మీ." అని టైప్ చేస్తే షీట్ దాన్ని అక్షరాలుగా చూస్తుంది, గ్రాఫ్‌లో ఆ పాయింట్ రాదు. యూనిట్ పైన హెడ్డింగ్‌లోనే ఉండాలి. చిన్నోడు మొదటి రోజు ఇలాగే రాశాడు. "మామయ్యా, గ్రాఫ్ రావట్లేదు, ఫోన్ పాడైంది" అన్నాడు. ఫోన్ బాగానే ఉంది. "దానికి లెక్కలే వచ్చు నాన్నా, తెలుగు రాదు" అంటే వెంటనే అర్థమైపోయింది.

రెండో రూల్: తేదీ సెట్టింగ్ చూసుకోవాలి. షీట్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే 5/6 అని కొడితే మే 6 అనుకుంటుంది. మనం అనుకునేది జూన్ 5. ఫైల్ సెట్టింగ్స్‌లో లొకేల్‌ని ఇండియాకి మార్చేస్తే సమస్య తీరిపోతుంది.

మూడో రూల్: కొలిచినవాళ్లే టైప్ చేయాలి. పిల్ల కొలవడం, మనం ఎంటర్ చేయడం మొదలైతే అది మన ప్రాజెక్ట్ అయిపోతుంది. టైపింగ్ స్లోగా ఉన్నా ఓపిక పట్టండి.

కొలవడం కూడా ఒక స్కిల్లే

మీ ఇంట్లో ఉన్న స్కేలు ఒకసారి తీసి చూడండి. చాలా స్కేళ్లకి సున్నా గీత సరిగ్గా అంచున ఉండదు, కొన్ని మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. అంచుని మట్టికి ఆనించి కొలిస్తే ఆ తేడా ప్రతి కొలతలోనూ దూరుతుంది. ఇంకోటి, నీళ్లు పోసిన ప్రతిసారీ మట్టి కొంచెం కిందికి దిగుతుంది. మొక్క పెరగకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ప్రతి కప్పులో ఒక ఐస్‌క్రీమ్ పుల్ల గుచ్చి, మొదటి రోజు మట్టి ఎక్కడుందో దాని మీద గీత పెట్టాలి. ప్రతి కొలతా ఆ గీత నుంచే. పైన ఎక్కడిదాకా అన్నది కూడా ముందే అనుకోవాలి. ఆకు చివరి దాకా కాదు, కాండం చివర ఉన్న మొగ్గ దాకా. కన్ను కూడా ఆ ఎత్తులోనే ఉండాలి. పైనుంచి వంగి చూస్తే ఒక రీడింగ్, కింద కూర్చుని చూస్తే ఇంకో రీడింగ్ వస్తుంది.

ఒక చిన్న టెస్ట్ తప్పకుండా చేయించండి. ఇద్దరు పిల్లలు ఒకే మొక్కని ఒకరికి తెలియకుండా ఒకరు కొలిచి చీటీ మీద రాయాలి. మా ఇంట్లో ఒకరిది 6.5, ఇంకొకరిది 6.8 వచ్చింది. "నాదే కరెక్ట్" అని కాసేపు గొడవ. అక్కడే అసలు పాఠం దొరికింది. మన కొలతలో మూడు మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంది. కాబట్టి నిన్న 6.5, ఇవాళ 6.7 వస్తే మొక్క పెరిగిందని గట్టిగా చెప్పలేం. ఒకే ఫోన్‌కి బెంచ్‌మార్క్ యాప్ రెండుసార్లు రన్ చేస్తే స్కోర్ కొంచెం మారుతుంది కదా, ఇదీ అంతే. అందుకే మనం మూడుసార్లు రన్ చేసి సగటు తీస్తాం. ఇక్కడ మూడు కప్పులు పెట్టడానికి కారణం కూడా అదే.

ఫోన్ కెమెరాతో ఏఆర్ కొలత తీసుకోవచ్చు కదా అని మీకు డౌట్ రావచ్చు. టేబుల్, గోడ లాంటివాటికి పర్లేదు. పుల్లలాంటి సన్నటి కాండం చివర పాయింట్‌ని అది సరిగ్గా పట్టుకోలేదు. మనకి మిల్లీమీటర్లు కావాలి. ఈ రౌండ్‌లో ప్లాస్టిక్ స్కేలే విన్నర్. కెమెరా ఉపయోగం వేరే ఉంది. రోజూ ఒకే టైమ్‌కి, ఒకే చోటు నుంచి ఒక ఫోటో. షీట్‌లో ఏదైనా నంబర్ వింతగా కనిపిస్తే ఆ రోజు ఫోటో తీసి చెక్ చేసుకోవచ్చు.

ఖాళీ వేరు, సున్నా వేరు

మొత్తం ప్రాజెక్ట్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

వె3 కప్పులో గింజ మొలవనే లేదు. మిగతా ఐదూ పైకి వచ్చేశాయి. ఇప్పుడు వె3 కింద ఏం రాయాలి? చిన్నోడు సున్నా అన్నాడు. అమ్మాయి ఖాళీ వదిలేద్దాం అంది. ఇద్దరితోనూ రెండు రకాలుగా చేయించి చూపించాను. ఏడో రోజు వె1 ఎత్తు 6.5, వె2 ఎత్తు 7.5. వె3 ఖాళీగా ఉంటే సగటు ఫార్ములా దాన్ని వదిలేసి 7 చూపిస్తుంది. సున్నా వేస్తే మూడో మొక్కగా లెక్కపెట్టి 4.7 చూపిస్తుంది. మొక్కలు అవే, ఒక్క సెల్‌తో జవాబు మారిపోయింది.

మరి ఏది రైటు? మనం అడుగుతున్న ప్రశ్నని బట్టి. "మొలిచిన మొక్కలు ఎంత ఎత్తు పెరిగాయి?" అనేది ప్రశ్న అయితే ఖాళీ. "ఎన్ని గింజలు మొలిచాయి?" అనేది వేరే ప్రశ్న, దానికి వేరే చోట "6లో 5" అని రాసుకోవాలి. ఈ నిర్ణయం మాత్రం రిజల్ట్ చూడకముందే తీసుకోవాలి. చూశాక నచ్చినట్టు రూల్ మారిస్తే అది మోసమే.

ఇంకో పరీక్ష కూడా వచ్చింది. ఎనిమిది, తొమ్మిది రోజుల్లో అందరం ఖమ్మంలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. నీళ్లు పక్కింటి ఆంటీ పోశారు కానీ కొలిచినవాళ్లు ఎవరూ లేరు. తిరిగొచ్చాక షీట్‌లో రెండు వరసలు ఖాళీ. చిన్నోడు లెక్క వేసేశాడు. "మామయ్యా, చీ2 ఏడో రోజు 16, ఇవాళ 23. మధ్యలో 18, 21 వేసేద్దాం. ఎవరికీ తెలీదు."

లెక్క బాగానే వేశాడు, తెలివైన అంచనాయే. కానీ అంచనా వేరు, కొలత వేరు. ఆ రెండు రోజుల్లో మొక్క సమానంగా పెరిగిందో, ఒక రోజు ఆగి ఒక రోజు దూకిందో మనకి తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాస్తే తర్వాత ఆ షీట్ చూసేవాళ్లు, అంటే వారం తర్వాత మనమే, దాన్ని నిజం అనుకుంటాం. చివరికి ఇలా సెటిల్ చేశాం: సెల్స్ ఖాళీగానే ఉంటాయి, గమనికలో "పెళ్లికి వెళ్లాం, కొలవలేదు" అని ఉంటుంది. అంచనాలు కావాలంటే పక్కన వేరే కాలమ్‌లో, వేరే రంగులో. గ్రాఫ్‌లో ఆ రెండు రోజుల దగ్గర గీత తెగిపోయింది. చూడ్డానికి అందంగా లేదు, కానీ అదే నిజం.

రోజంతా ఆఫీసులో డాష్‌బోర్డులు చూసే ఉద్యోగం నాది. మిస్సింగ్ డేటాని ఎవరో సున్నాతో నింపేస్తే కింద ఎన్ని లెక్కలు తప్పుతాయో నాకు బాగా తెలుసు. మూడో తరగతిలోనే ఒకడికి ఆ తేడా అర్థమైందంటే చిన్న విషయం కాదు.

గ్రాఫ్ గీసే టైమ్

రోజులతో పాటు మారేదాన్ని చూపించాలంటే లైన్ గ్రాఫ్. ఒకే రోజు రెండు గుంపుల్ని పోల్చాలంటే బార్ గ్రాఫ్. పిల్లలకి పై చార్ట్ రంగురంగులుగా నచ్చుతుంది కానీ ఇక్కడ దానికి పని లేదు. ఎందుకు లేదో వాళ్లనే గీసి చూడనివ్వండి, ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ముందు కాగితం మీద గీయించండి. లెక్కల నోట్‌బుక్‌లో గళ్ల కాగితం ఉంటే చాలు. అడ్డంగా రోజులు, నిలువుగా సెంటీమీటర్లు. మొదటి నాలుగైదు రోజులు చేత్తో చుక్కలు పెట్టి కలిపాక అప్పుడు షీట్స్‌లో చార్ట్ బటన్ నొక్కాలి. తను పావుగంట కూర్చుని గీసింది ఫోన్ క్షణంలో గీసేసరికి వచ్చే ఆ "అబ్బా!" ముందే ఫోన్ ఇస్తే రాదు. తర్వాత ఒక నంబర్ మార్చి చూడమనండి, గీత దానంతట అదే కదులుతుంది. 1979లో యాపిల్ 2 కంప్యూటర్ మీద విసికాల్క్ వచ్చినప్పుడు పెద్దవాళ్లు నోరెళ్లబెట్టింది కూడా ఇందుకే: ఒక సెల్ మారిస్తే దాని మీద ఆధారపడిన లెక్కలన్నీ మారిపోవడం. గీతల గ్రాఫ్ అయితే ఇంకా పాతది. విలియం ప్లేఫెయిర్ 1786లోనే దేశాల వ్యాపార లెక్కల్ని గీతలుగా గీసి పుస్తకం వేశాడు.

ఇప్పుడు లాంచ్ ఈవెంట్ ట్రిక్ చేయించండి. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో షీట్స్ ఓపెన్ చేసి, వె1, వె2 పదో రోజు ఎత్తులకి బార్ గ్రాఫ్ వేయాలి. మావి 10.5, 11.5. నిలువు అక్షం సున్నా నుంచి ఉంటే రెండూ దాదాపు సమానం. అక్షం కనిష్ఠాన్ని 10కి మారిస్తే వె2 బార్ వె1 కంటే మూడు రెట్లు పొడుగ్గా కనిపిస్తుంది! డేటాలో ఒక్క అంకె కూడా మారలేదు. మా అమ్మాయి రెండు మూడుసార్లు అటూ ఇటూ మార్చి, "మరి టీవీలో యాడ్స్‌లో కూడా ఇలాగే చేస్తారా మామయ్యా?" అంది. ఇక ఆ పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు.

చీకటి మొక్క గెలిచింది!

ఇక ట్విస్ట్‌కి వద్దాం. మా సగటు ఎత్తులు ఇవి:

4వ రోజు: వెలుగులో 2.5, చీకట్లో 5 సెం.మీ.
7వ రోజు: వెలుగులో 7, చీకట్లో 16 సెం.మీ.
10వ రోజు: వెలుగులో 11, చీకట్లో 23 సెం.మీ.

గ్రాఫ్‌లో చీకటి గీత రాకెట్‌లా పోయింది. "అయితే మొక్కలకి చీకటే మంచిదా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. మొదలుపెట్టేముందు ఇద్దరూ ఎండలో ఉన్నదే గెలుస్తుందని పందెం కాశారు మరి.

పెట్టె తెరిచి కప్పులు పక్కపక్కన పెడితే కథ వేరే ఉంది. చీకటివి లేత పసుపులో, దారాల్లా సన్నగా, వాలిపోతూ ఉన్నాయి. ఆకులు సరిగ్గా విప్పుకోలేదు. వెలుగువి పొట్టిగా, ముదురు ఆకుపచ్చగా, నిటారుగా ఉన్నాయి. చీకట్లో ఉన్న మొలక "నేను ఇంకా మట్టి కిందే ఉన్నాను" అన్నట్టు ప్రవర్తిస్తుంది. గింజలో దాచుకున్న ఆహారమంతా కాండం సాగదీయడానికే ఖర్చు పెట్టి వెలుగు కోసం వెతుకుతుంది. వెలుగు లేకపోతే పత్రహరితం తయారవదు కాబట్టి సొంతంగా వండుకోలేదు. గింజలోని స్టాక్ అయిపోతే కథ ముగుస్తుంది.

అంటే గ్రాఫ్ తప్పా? కాదు. ప్రతి నంబరూ నిజమే. మనం అడిగింది ఎత్తు ఒక్కటే, అది ఎత్తే చెప్పింది. "ఎత్తు ఎక్కువ ఉంటే ఆరోగ్యం ఎక్కువ" అనేది షీట్ చెప్పలేదు, మనమే అనేసుకున్నాం. మెగాపిక్సెల్స్ ఎక్కువ ఉన్నంత మాత్రాన ఫోటో బాగుంటుందా? ఛార్జర్ వాట్స్ చూసి బ్యాటరీ రోజంతా వస్తుందని చెప్పగలమా? ఒక్క స్పెక్ చూసి ఫోన్ కొనకూడదని మనం ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటాం! అదే సంగతి పెసర మొక్క ఇంకా బాగా చెప్పింది.

అప్పుడు అమ్మాయే కొత్త కాలమ్‌లు పెట్టింది. విప్పుకున్న ఆకులు ఎన్ని? రంగు ఏంటి? ఆసరా లేకుండా నిలబడుతోందా? రంగుకి పసుపు, లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ అని మూడే ఆప్షన్లు పెట్టాం. లేకపోతే ఒక రోజు "కొంచెం పచ్చ", ఇంకో రోజు "పచ్చపచ్చగా" అని రాస్తే తర్వాత పోల్చలేం. షీట్స్‌లో డేటా వ్యాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్ పెట్టేస్తే పిల్లలకీ ఈజీ.

ఇంకో కాలమ్ నేను చెప్పాను: రోజుకి ఎంత పెరిగింది? ఇవాళ్టి ఎత్తులోంచి నిన్నటిది తీసేయడమే. మధ్యలో రోజులు మిస్ అయితే తేడాని రోజులతో భాగించాలి. నాలుగు నుంచి ఏడో రోజు దాకా చీకటివి రోజుకి 3.7 సెం.మీ. చొప్పున పెరిగాయి. ఏడు నుంచి పదో రోజు దాకా 2.3 మాత్రమే. వెలుగువి 1.5 నుంచి 1.3కి, అంటే దాదాపు అదే స్పీడ్. ఎత్తు గ్రాఫ్‌లో చీకటి గీత ఇంకా పైకే పోతోంది. ఈ గ్రాఫ్‌లో మాత్రం కిందికి దిగిపోతోంది. మొక్క వాలిపోకముందే ఇంధనం అయిపోతున్న సంకేతం షీట్‌లో ఉంది. ఒకే డేటా, ఒక తీసివేతతో కొత్త విషయం చెప్పింది. పన్నెండో రోజుకి పెట్టెలో ఉన్న మొక్కలు పడిపోయాయి.

గీతని పొడిగిస్తే 18 అడుగుల పెసర మొక్క

పిల్లలకి సరదాగా ఉండే ఇంకో లెక్క. వెలుగు మొక్క రోజుకి ఒకటిన్నర సెంటీమీటర్లు పెరిగింది కదా, ఏడాదికి ఎంత? 365తో గుణిస్తే 547 సెంటీమీటర్లు, అంటే దాదాపు 18 అడుగులు! బాల్కనీ దాటి పై ఫ్లోర్‌కి వెళ్లిపోతుంది. నిజానికి పెసర రెండు, రెండున్నర నెలల పంట. కొంత ఎత్తుకి వచ్చాక పూత, కాయ మీద పడుతుంది, ఎత్తు దాదాపు ఆగిపోతుంది. పెరుగుదల ఎప్పుడూ నిటారు గీత కాదు, నెమ్మదిగా మొదలై, వేగం అందుకుని, చివర్లో చదునవుతుంది. షీట్స్‌లో ట్రెండ్‌లైన్ ఆన్ చేయడం ఈజీ. కొలిచిన రోజులు దాటి ఆ గీతని ఎంతవరకు నమ్మాలన్నదే అసలు ప్రశ్న.

సెన్సర్లు కొనాలా?

మన సైట్ చదివేవాళ్లకి ఈ డౌట్ తప్పకుండా వస్తుంది. మట్టి తేమ సెన్సర్, ఈఎస్‌పీ32 బోర్డ్ తీసుకుని రీడింగ్‌లు నేరుగా షీట్‌లోకి పంపించవచ్చు కదా? పంపించవచ్చు. కొనేటట్టయితే రెండు లోహపు కాళ్లు బయటికి కనిపించే రకం కాకుండా కెపాసిటివ్ రకం తీసుకోండి. మొదటిది తడి మట్టిలో త్వరగా తుప్పు పడుతుంది. కానీ నా అభిప్రాయంలో అది రెండో రౌండ్‌కి. నంబర్ దానంతట అదే వచ్చి పడితే స్కేలు సున్నా ఎక్కడుందన్న ప్రశ్న రాదు, ఖాళీనా సున్నానా అన్న గొడవ రాదు. ఆ గొడవల్లోనే కదా నేర్చుకున్నది.

గ్యాడ్జెట్ మీద మోజుని తప్పు పట్టట్లేదు. మొక్క పెరుగుదలని 10,000 రెట్లు పెద్దది చేసి చూపించే క్రెస్కోగ్రాఫ్‌ని జగదీశ్ చంద్రబోస్ ఎప్పుడో తయారుచేశారు. కంటికి కనిపించని కదలికని గీతగా మార్చిన పరికరం అది. ఆ కథ పిల్లలకి చెప్పండి, చాలా ఇష్టపడతారు.

డబ్బు పెట్టకుండా ఒక సెన్సర్ వాడాలంటే ఫోన్‌లోనే ఉంది. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముందు కెమెరా దగ్గర ఉండే లైట్ సెన్సర్ రీడింగ్‌ని లక్స్‌లో చూపిస్తుంది. ఐఫోన్‌లో ఈ లైట్ రీడింగ్ రాదు. హాల్లో, బాల్కనీ నీడలో, ఎండలో ఒక్కోసారి పెట్టి చూడమనండి. ఇంట్లో వెలుగు సాధారణంగా కొన్ని వందల లక్స్, నేరుగా ఎండ అయితే లక్ష దాకా పోతుంది. మన కంటికి హాలు కూడా "బాగానే వెలుగుగా ఉంది" అనిపిస్తుంది. హాల్లో మూల పెట్టిన మొక్క ఎందుకు సాగిపోతుందో ఆ నంబర్ చూస్తే తెలుస్తుంది.

మీరు చేయించాలనుకుంటే

రోజుకి పది నిమిషాలు మించొద్దు. కొలవడం, ఎంటర్ చేయడం, ఫోటో, అంతే. టైమ్ ఫిక్స్ చేయండి. మాది సాయంత్రం ఆరు.

ఒకసారికి ఒక్కటే మార్చాలి. వెలుగు మారిస్తే నీళ్లు, మట్టి, కప్పు సైజ్ అన్నీ ఒకేలా ఉండాలి. నీళ్లకి మందు సీసా మూత కొలత వాడండి.

మొదలుపెట్టేముందు పిల్లల అంచనా షీట్‌లో రాయించండి. తర్వాత "నాకు ముందే తెలుసు" అనే ఛాన్స్ ఉండదు.

మొక్క చనిపోతే ఫైల్ డిలీట్ చేయొద్దు. ఆ చివరి వరసలోనే ఎక్కువ సమాచారం ఉంటుంది.

ఏఐ టూల్‌కి ఫోటో ఇచ్చి టేబుల్, గ్రాఫ్ చేయించడం ఇప్పుడు చాలా తేలిక. మొదటి ప్రాజెక్ట్‌కి మాత్రం దాన్ని పక్కన పెట్టండి. చేత్తో ఒకసారి చేసినవాళ్లకే అది ఎక్కడ తప్పు చేసిందో కనిపిస్తుంది.

వెర్డిక్ట్

ఖర్చు దాదాపు సున్నా. టైమ్ రోజుకి పది నిమిషాలు. మూడో తరగతి నుంచి ఎవరైనా చేయొచ్చు, ఫార్ములాలు మాత్రం ఐదో తరగతి దాటాక బాగా ఎక్కుతాయి. మైనస్ ఒక్కటే, పెద్దవాళ్లలో ఒకరు మొదటి వారం పక్కన కూర్చోవాలి.

పదో రోజు మా అమ్మాయి చీ3 కప్పుని పెట్టెలోంచి తీసి బాల్కనీ నీడలో పెట్టింది. ఎవరూ చెప్పలేదు, తనకే చూడాలనిపించింది. రెండు రోజుల తర్వాత ఆ కప్పు ఎత్తు గీత దాదాపు అడ్డంగా పడుకుంది, పెరుగుదల ఆగిపోయినట్టే. రంగు కాలమ్‌లో మాత్రం పసుపు పోయి లేత ఆకుపచ్చ వచ్చింది. గమనికలో తను రాసింది ఇది: "పొడుగు పెరగలేదు. బాగుంది."